తప్పిపోయిన మేక

నా పాత డిటెక్టివ్ నవల ఒకటి మళ్ళీ అచ్చు వేస్తామని ఒక ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ప్రతి ఉంటే పంపమన్నాడు. నా దగ్గర లేదు. ముప్పై చిల్లర నవలలు రాసిన మనిషి దగ్గర తన పుస్తకాలే లేకపోవడం సిగ్గుచేటు అనుకుంటారేమో గానీ, ఆ రోజుల్లో వాటిని రైల్లో కొనుక్కుని రైల్లోనే వదిలేసి దిగిపోయేవాళ్ళు. రాసినవాళ్ళం కూడా అంతకంటే ఎక్కువ మర్యాద ఇవ్వలేదు. చివరికి నాన్న రేకుపెట్టె గుర్తొచ్చింది. నాన్న పోయాక ఇల్లు మారినప్పుడల్లా దాన్ని మోస్తూ వచ్చాను గానీ ఒక్కసారీ తెరవలేదు. ఇప్పుడది కలకత్తా న్యూ టౌన్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. తెరిస్తే కలరా ఉండల వాసన, దాని అడుగున ఇన్నేళ్ళయినా వదలని కార్ఖానా నూనె వాసన. ఆదివారం చర్చికి వేసుకునే నల్లకోటు ఉంది. కోటు మడతలో ఆ నవలే ఉంది. కోటు జేబులో, రుమాల్లో మూడు ముళ్ళు వేసి కట్టిన ఇత్తడి బిళ్ళ ఉంది. బిళ్ళ మీద ఉన్న నంబరు నాన్నది కాదు. అది ఎవరిదో నాకు తెలుసు.

మాది హౌరా పక్కన లిలువా, రైల్వే కార్ఖానా ఉన్న చోటు. కార్ఖానా కూతతో లేచి, కూతతో తిని, కూతతో పడుకునే ఊరు. మా లైన్లో పన్నెండు క్వార్టర్లు. సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, తక్కినవాళ్ళు బీహారీలు, బెంగాలీలు. నాన్న దేవదానం కార్ఖానాలో ఫిట్టరు, ఆదివారం తెలుగు చర్చి సంఘంలో పెద్ద. ఈ రెండు ఉద్యోగాల మధ్య ఆయన చేతులు నలిగిపోయేవి. సాయంత్రం రాగానే కిరసనాయిలు, రంపపు పొట్టు కలిపి అరచేతులు తోముకునేవాడు. తరవాత సబ్బు. తరవాత చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మొహం చిట్లించి, మళ్ళీ సబ్బు. ఆ వాసనతో ప్రార్థనకి కూర్చోకూడదని ఆయన పట్టు. అమ్మ రాహేలమ్మ బొగ్గుపొడి, పేడ కలిపి చేసిన ఉండలతో పొయ్యి రాజేసేది, ఆ పొగ మా జుట్టులో, పుస్తకాల్లో, చర్చి బట్టల్లో ఉండిపోయేది. ప్రార్థనలో నాన్న లైన్లో ప్రతి ఇంటివాళ్ళనీ పేరుపేరునా తలుచుకునేవాడు. మా కడుపులు కాలిపోతున్నా పన్నెండు ఇళ్ళూ అయ్యేదాకా ఆమెన్ వచ్చేది కాదు. ఆఖర్న "మా వీధులు శుద్ధిచేయు వానిని కూడా" అనేవాడు. అతని పేరు నాన్నకి తెలియదు. లైన్లో ఎవరికీ తెలియదు. అందరికీ అతను జమాదారు.

జమాదారు రోజూ పొద్దున్నే వెనక సందులోంచి వచ్చి, పెరటి తలుపు తట్టి, మరుగుదొడ్డి డబ్బా ఎత్తుకుపోయేవాడు. ముందు వీధిలో అతన్ని నేను చూసిన గుర్తు లేదు. అమ్మ అతనికి రొట్టె ఇస్తే గోడ మీద పెట్టేది, చేతికి ఇచ్చేది కాదు. ఈ సంగతి రాయడానికి నాకు బాధగానే ఉంది. మా తాత మతం పుచ్చుకున్నది ఊరి బావి దగ్గర నిలబడనివ్వకపోవడం వల్లే. ఆ కథ నాన్న మాకు ఎన్నోసార్లు చెప్పాడు. అయినా లిలువా వచ్చాక మా కింద నిలబెట్టడానికి మాకు ఒక మనిషి దొరికాడు, నిలబెట్టాం. తాతకి జరిగినదానికీ దీనికీ ఏదైనా సంబంధం ఉందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇక బిళ్ళ సంగతి. కార్ఖానాలో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. మూడో కూత ఆగేలోపు గేటు దగ్గర పెట్టెలో దాన్ని వెయ్యాలి. టైము బాబు వాటిని బోర్డు మీద మేకులకి తగిలించేవాడు. మేకుకి బిళ్ళ ఉంటే మనిషి వచ్చినట్టు, లేకపోతే రానట్టు. సాయంత్రం పోతూ ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి. కాయితం మీద రూలు ఇదీ. మనుషుల్లో ఇంకో రూలు ఉండేది: ఒంట్లో బాగోని వాడికో, ఊరినుంచి చుట్టాలొచ్చిన వాడికో స్నేహితుడు బిళ్ళ వేసిపెట్టాలి. ఆ మనిషి పగలు ఎప్పుడో వ్యాగన్ల వెనక కూలిన గోడమీంచి లోపలికి వచ్చేస్తాడు. పట్టుబడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అయినా కాదన్నవాడు లేడు. కాదంటే ఆ మనిషి లిలువాలో బతికుండీ వెలివేసినట్టే. అబద్ధానికి మండిపడే నాన్న కూడా దీన్ని అబద్ధం కింద జమకట్టలేదు.

పక్క క్వార్టరు గురువులుది. నాన్నా అతనూ ఒకే ఊరివాళ్ళు, ఒకే రైల్లో వచ్చినవాళ్ళు. అతను హిందువు, మేము కిరస్తానీలం, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు. నాకు అతను మావ. అతని పెళ్ళాం సన్యాసమ్మకి పిల్లల్లేరు, నన్ను పిలిచి చింతపండు, బెల్లం నూరి పెట్టేది. గురువులు మావ ఆమెని కొట్టేవాడు. గోడ పలచన కాబట్టి మాకు తెలిసేది. అలాంటప్పుడు అమ్మ గట్టిగా పాట అందుకునేది, మాకు వినబడకుండా.

ఒక సాయంత్రం అతను మా గుమ్మంలో నిలబడి, "బావా, రేపు నా బిళ్ళ కూడా ఏసీ. మా తమ్ముడొచ్చినాడు, హౌరాలో రైలెక్కించి మజ్జేనానికొచ్చెత్తాను" అన్నాడు. నాన్న చెయ్యి చాపి తీసుకున్నాడు. మర్నాడు బడికి వెళ్తూ గేటుదాకా నాన్నతో నడిచాను. ఆయన జేబులోంచి రెండు బిళ్ళలు తీసి పెట్టెలో వెయ్యడం చూశాను. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఆ మధ్యాహ్నం సన్యాసమ్మ పెరట్లో పడి ఉందని కేకలు వినబడ్డాయి. తల వెనక దెబ్బ, ప్రాణం లేదు, పక్కన నీళ్ళ బిందె. పెరటి తలుపు తీసి ఉంది. కార్ఖానాకి కబురు వెళ్ళేసరికి గురువులు తన బల్ల దగ్గర పని చేసుకుంటున్నాడు. పరిగెత్తుకొచ్చి మట్టిలో పడి దొర్లాడు. పోలీసులు వచ్చి అడిగింది రెండే ప్రశ్నలు. మొగుడు ఎక్కడున్నాడు? బోర్డు మీద మేకుకి ఉన్నాడు, పొద్దున్నించీ. పెరటి తలుపు ఎవరు తడతారు? ఆ తలుపు తట్టే మనిషి లిలువాలో ఒక్కడే. సాయంత్రానికి జమాదార్ని తీసుకుపోయారు. ముందు వీధిలోంచే తీసుకుపోయారు.

గురువులే చంపాడని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను. నా నవలల్లో అయితే తొంభయ్యో పేజీకల్లా చెప్పేసేదాన్ని. నాకు తెలిసిందల్లా, ఆ పొద్దున్న అతను కార్ఖానాలో లేడు. అతని తమ్ముడు ఆ వారం లిలువా రానేలేదని తరవాత తెలిసింది. కంగారులో గురువులు బిళ్ళ తీసుకోకుండా పరిగెత్తాడు కాబట్టి, ఆ సాయంత్రం బోర్డు మీంచి రెండూ నాన్నే తీసుకున్నాడు. దినాలయ్యాక అతను బిళ్ళ కోసం వచ్చినప్పుడు నేను అరుగు మీద లెక్కలు చేసుకుంటున్నాను. నాన్న ఇవ్వలేదు.

"ఆ పొద్దు నువ్వెక్కడున్నావు గురువులూ?" అన్నాడు.

గురువులు నాన్న కళ్ళలోకి సూటిగా చూశాడు. "నానెక్కడున్నానో నీకు తెల్దేటి బావా? నా బిళ్ళ నువ్వే కదా ఏసినావు."

గురువులు బిళ్ళ పోయిందని రాసిచ్చి కొత్తది తీసుకున్నాడు, నాలుగు నెలల్లో బదిలీ పెట్టించుకుని ఊరే వదిలేశాడు.

మా ఇంట్లో మాత్రం ఆ సంగతి అక్కడితో ఆగలేదు. అమ్మా నాన్నా వంటింట్లో గొంతు తగ్గించి వాదించుకునేవాళ్ళు. "బిళ్ళ మాట బైటికొత్తే నౌకరీ పోద్ది. నౌకరీ పోతే ఈ కోటారు పోద్ది. ముగ్గురు పిల్లల్నేసుకుని ఏ సెట్టు కింద కూకోమంతావు?" అని అమ్మ. నాన్న ఏమన్నాడో వినబడేది కాదు. అమ్మ చెడ్డది కాదు. జమాదారు పెళ్ళాం మొగుడి బదులు సందు పనికి వస్తే ఇప్పుడు రొట్టె గోడ మీద పెట్టడం మానేసి చేతికే ఇస్తోంది, రొట్టెలో ఆలూకూర కూడా చుట్టి. అంతవరకే చెయ్యగలదు, అంతవరకు చేసింది.

ఒక శనివారం నాన్న నల్లకోటు వేసుకున్నాడు. చర్చికి కాదు. "అమ్మీ, నాతో రా. నాను సెప్పింది బెంగాలీలో సెప్పాల" అన్నాడు. ఆయనకి కార్ఖానా హిందీ వచ్చు, అది రెంచీ అడగడానికి సరిపోతుంది గానీ ఠాణాలో మాట్లాడ్డానికి చాలదు. నేను బెంగాలీ పిల్లలతో చదువుకునేదాన్ని, వాళ్ళకంటే గట్టిగా వాగేదాన్ని. దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు. ఠాణాలో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం. మా పిలుపు వచ్చాక ఠాణా పెద్ద, దారోగా బాబు బల్ల ముందు నిలబడి నాన్న తెలుగులో నెమ్మదిగా, అప్పజెప్పినట్టు చెప్పాడు: "గురువులు ఆ పొద్దు కార్ఖానాకి రానేదు. ఆడి బిళ్ళ నా సేత్తో నాను ఏసినాను. జమాదార్ని ఒగ్గీమని సెప్పమ్మా."

దారోగా నావైపు తిరిగాడు. "కీ బోల్‌ఛే తోమార్ బాబా?" మీ నాన్న ఏమంటున్నాడు?

నేను నాన్న చేతులు చూశాను. కిరసనాయిలుతో తోమి తోమి తెల్లగా పాలిపోయిన చేతులు. ఏ సెట్టు కింద అన్న అమ్మ మాట చెవిలో ఉంది. చెల్లీ తమ్ముడూ ఉన్నారు. అంతకుముందు ఆదివారం సండే స్కూల్లో తప్పిపోయిన గొర్రె సంగతి చెప్పారు. లిలువాలో గొర్రెలు లేవు కాబట్టి, "ఆమాదేర్ ఛాగోల్ హారియే గేఛే" అన్నాను. మా మేక తప్పిపోయింది. నల్లదని, చెవి మీద తెల్లమచ్చ ఉందని, దాని పేరు రాణి అని కూడా చెప్పాను. మాకు ఎప్పుడూ మేక లేదు. దారోగా పడీ పడీ నవ్వి, కోటు వేసుకొచ్చి మేక కోసం ఫిర్యాదు ఇస్తున్న మద్రాసీని పక్క బల్లవాడికి చూపించి, వెళ్ళిరమ్మన్నాడు.

నాన్న అప్పటికి బెంగాల్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాడు. మాట్లాడలేడు గానీ మేక అంటే తెలియకపోదు. ఆయన నన్ను ఒక్కసారి చూశాడు. మళ్ళీ దారోగాకి చెప్పమనలేదు, నన్ను కసరలేదు. నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. ఇంటికొచ్చి కోటు విప్పి మేకుకి తగిలించాడు. అమ్మ అన్నం వడ్డించింది. ఆ రోజు నేను ఇల్లు నిలబెట్టానని నాకు గర్వంగా ఉండింది. ఈ ముక్క దాచుకుంటే తక్కినదంతా రాసి లాభం లేదు.

జమాదారు ఏడాది తిరక్కుండా జైల్లో జ్వరంతో పోయాడు. అతని పెళ్ళాం పెరటి తలుపు తట్టి అమ్మతో చెప్పి, డబ్బా ఎత్తుకుని పక్కింటికి పోయింది. ఆ ఆదివారం నుంచి నాన్న బల్ల తీసుకోలేదు. మా సంఘాల్లో ప్రభు బల్ల, అంటే క్రీస్తు పేరున పంచే రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా కూర్చోవడమంటే తన మీద తాను తీర్పు చెప్పుకోవడం. రొట్టె పళ్ళెం పంచే పెద్దే తన వంతు వచ్చేసరికి దాటించేస్తే నలుగురూ నాలుగు విధాలుగా అనుకున్నారు. కొన్నాళ్ళకి పెద్దరికం వదిలేశాడు. ఇంట్లో ప్రార్థన అమ్మకి అప్పజెప్పాడు. అమ్మ ప్రార్థన రెండు నిమిషాల్లో అయిపోయేది, మేం వేడి అన్నం తినేవాళ్ళం. ఎదిగే వయసు కదా, అది మాకు హాయిగానే ఉండేది.

మెట్రిక్ అయ్యాక కలకత్తా భవానీపూర్‌లో ఒక తెలుగు బ్యాంకు ఆఫీసరు గారి ఇంట్లో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించే పని దొరికింది. ఆ ఇల్లాలు కామేశ్వరి గారు మంచి మనిషి. చదివేసిన డిటెక్టివ్ నవలలు సంచినిండా ఇచ్చి పంపేవారు. నాకు కాఫీ వేరే గ్లాసులో వచ్చేది, పాఠం వరండాలో జరిగేది. వరండాలోంచి హాలు కనబడేది: పియానో, గోడ గడియారం, దుప్పికొమ్ములు. ఆ హాలు వెనక ఏముందో నేనెప్పుడూ చూడలేదు. ఆ నవలల్లో హత్యలన్నీ అలాంటి ఇళ్ళలోనే జరిగేవి కాబట్టి, నేనూ మగపేరు పెట్టుకుని అలాంటి ఇళ్ళ గురించే రాయడం మొదలుపెట్టాను. గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: "అయ్యా, మీ నవలల్లో శవాలన్నీ హాల్లోనే పడతాయి, మీ హంతకులకి పడకగదికి దారి తెలియదా?" తెలియదు మరి. నాకే తెలియదు. హంతకుడు ఎవరైనా కావచ్చు గానీ పనివాళ్ళు కాకూడదని మాత్రం ముందే ఒట్టు పెట్టుకున్నాను. తెలివిగల పాఠకులు అది కనిపెట్టేసి, ముప్పయ్యో పేజీకల్లా వంటవాణ్ణీ డ్రైవర్నీ అనుమానితుల జాబితాలోంచి కొట్టేసేవారట.

ఆరో నవలకి లిలువా కథ రాశాను. ఉన్నది ఉన్నట్టు, ఠాణాలో పిల్లతో సహా. సంపాదకుడు తిప్పి పంపాడు. నేరస్థుడు దొరకలేదు, డిటెక్టివ్ లేడు, చచ్చినవాడు జమాదారు, ఇది ఎవరు కొంటారు అని రాశాడు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు, నేనే కొనను. మార్చి రాశాను. భవానీపూర్ బారిస్టరు ఒకాయన కారులో లిలువా వస్తాడు, సిగరెట్టు వెలిగించి బోర్డు మీద బిళ్ళలు చూస్తాడు, మొత్తం తేల్చేస్తాడు. ఫిట్టరు తనంతట తాను ఠాణాకి వెళ్ళి నిజం చెబుతాడు. ఆఫీసరు అతని భుజం తడతాడు. పిల్లని తీసేశాను. డిటెక్టివ్‌కి నిజం ఖరీదు ఒక సిగరెట్టు, మా నాన్నకి తలమీద కప్పు. ఇదంతా అప్పుడే తెలిసి కూడా కథని అటు తిప్పాను, ఎందుకంటే అమ్ముడుపోయే ముగింపు అదే.

పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు నాన్న రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. సాయంత్రం చేతులు కడుక్కుని, వేలు పెట్టుకుంటూ అక్షరం అక్షరం చదివేవాడు. మూడు వారాలు పట్టింది. చివరికి ఒకరోజు పుస్తకం మూసి, కళ్ళజోడు తీశాడు.

"ఆడి నౌకరీ పోనేదేటి?" అన్నాడు.

"పోలేదు నాన్నా. ఆఫీసరు మెచ్చుకున్నాడు."

"మెచ్చుకున్నాడు," అని కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి ఠాణాకి ఆడొక్కడే ఎల్లినాడేటమ్మీ?"

ఆ రోజు తరవాత మా మధ్య ఠాణా మాట రావడం అదే మొదలు. "అవును నాన్నా" అన్నాను.

"పోన్లే. అదే మంచిది," అన్నాడు నాన్న. పుస్తకం తీసుకెళ్ళి పెట్టెలో పెట్టుకున్నాడు.

మొన్న మా అపార్టుమెంటులో ఎనిమిదో అంతస్తువాళ్ళ గొలుసు పోయింది. ఇక్కడ పనివాళ్ళందరూ గేటు దగ్గర కార్డు గీసి లోపలికి రావాలి. కమిటీవాళ్ళు మెషీన్ చూసి, ఆ గంటలో ఎవరి కార్డు గీసి ఉందో తేల్చి, సరస్వతి అనే అమ్మాయిని పనిలోంచి తీసేశారు. మెషీన్ అబద్ధం చెప్పదు అన్నారు. కార్డు గీసిన చెయ్యి ఎవరిదో చూశారా అని మీటింగులో అడిగాను. ఆంటీ డిటెక్టివ్ రచయిత్రి కదా అని ముచ్చటపడి నవ్వారు. ముసలిదాన్ని కాబట్టి నవ్వి ఊరుకున్నారు. నేనూ అంతకంటే గొడవ చెయ్యలేదు, ఫ్లాటు మా అల్లుడి పేరున ఉంది.

నవల మళ్ళీ అచ్చు వేస్తామన్న ఆయనకి, ఠాణా అధ్యాయం తిరగరాసి ఇస్తానని చెప్పాను. ఇచ్చాను. ఇప్పుడందులో నల్లకోటు మనిషి పక్కన పదకొండేళ్ళ పిల్ల ఉంది, మేక ఉంది. బారిస్టరుని తీసేశాను. ఇంక మిగిలింది ఆఖరి పేజీ. నాన్న పెట్టెలోని పుస్తకం దానంతట అదే ఆ పేజీకి తెరుచుకుంటుంది. అట్ట, తక్కిన పేజీలు శుభ్రంగానే ఉన్నాయి. ఆ పేజీలో చివరి లైను మీద మాత్రం నూనె మరకలు ఒకదానిమీద ఒకటి పడి అక్షరాలు మసకబారాయి. మూడు వారాల చదువుకి అయ్యే మరకలు కావవి, తరవాత రిటైరయ్యేదాకా, కార్ఖానా నుంచి రాగానే చేతులు కడగకముందే వేలు పెట్టి చదివినవి. ఆ లైను "జమాదారు విడుదలై ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళాడు" అని. అది అబద్ధం, తీసెయ్యాలి. నాలుగు రోజులుగా పెన్ను పట్టుకుని కూర్చుంటున్నాను. చేతులు రావడం లేదు.